సంతలో దొరికిన జామెట్రీ

1978లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లా. పుణెలో లారీలు తయారుచేసే టెల్కో కంపెనీ నుంచి ఏడాది సెలవు పెట్టి వచ్చిన ఇరవై నాలుగేళ్ల ఇంజినీరు ఒకరు అక్కడి వారపు సంతంతా తిరిగారు. రోడ్డు పక్కన పరిచి అమ్ముతున్న ప్రతి వస్తువునూ మచ్చుకు ఒకటి చొప్పున కొన్నారు. పల్లెటూరి పిల్లలకు సైన్సు చెప్పాలంటే ముందు ఆ పల్లెలో ఏమేం దొరుకుతాయో తెలియాలి కదా, అదీ ఆయన లెక్క. అలా కొన్నవాటిలో సన్నటి నల్ల రబ్బరు గొట్టం ఒకటి ఉంది. సైకిల్ వాల్‌ట్యూబు.

గేరు సైకిళ్ల తరానికి దాని సంగతి కాస్త చెప్పాలి. పాత నల్ల సైకిళ్ల ట్యూబుకు ఉండే వాల్‌లో ఒక చిన్న గొట్టం, దాని పక్కన సూదిబెజ్జమంత రంధ్రం ఉంటాయి. ఆ రంధ్రం మూసుకునేలా పైన రబ్బరు ముక్క తొడుగుతారు. పంపు కొడితే గాలి రబ్బరును నెట్టుకుని లోపలికి పోతుంది. బయటికి రావాలని చూస్తే రబ్బరు బిగుసుకుని దారి ఇవ్వదు. పొద్దున కొట్టించిన గాలి సాయంత్రానికి దిగిపోయిందంటే సైకిల్ షాపతను మొదట మార్చేది ఈ ముక్కనే. అంతకు మించి దానికి ఈ లోకంలో ఇంకో పని ఉందని అప్పటిదాకా ఎవరూ పెద్దగా అనుకోలేదు.

ఆ ఇంజినీరు పేరు అరవింద్ గుప్తా. వాల్‌ట్యూబును వేలి గోరంత ముక్కగా కోసి, రెండు వైపుల నుంచీ రెండు అగ్గిపుల్లలు దూర్చారు. పుల్లలు వదులుగా జారిపోలేదు, ముక్క చీలిపోలేదు. మధ్యలో రబ్బరు ఎటు కావాలంటే అటు వంగింది. ఇంజినీర్ల భాషలో అదొక జాయింటు, కీలు.

సోషల్ మీడియాలో ఎవరిని ఫాలో అవ్వాలని కొత్తగా ఉద్యోగంలో చేరిన సైన్సు టీచర్లు అడిగితే నేను మొదట చెప్పే పేరు గుప్తాదే. యూట్యూబ్‌లో ఆయన వీడియోలకు చూసేవాళ్లు బాగా ఉన్నారు, నిజమే. నా కారణం వేరు. ఫేస్‌బుక్కూ యూట్యూబూ పుట్టడానికి పాతికేళ్ల ముందు నుంచే ఆయన చేసిన ప్రతి వస్తువూ ఇంకొకరు చూసి చేసుకోవడానికి తగ్గట్టే తయారైంది. ఆ సంగతి అర్థం కావాలంటే ఆయన హోషంగాబాద్‌కు ఎందుకు వెళ్లారో చూడాలి.

గుప్తాది ఉత్తరప్రదేశ్‌లోని బరేలీ. ఐఐటీ కాన్పూర్‌లో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ చదివి 1975లో బయటికొచ్చారు. అక్కడ చదువుకునే రోజుల్లోనే హాస్టల్ మెస్‌లో పనిచేసేవాళ్ల పిల్లలకు చదువు చెప్పేవారు. 1970ల తొలినాళ్లు అవి. దేశమంతా రాజకీయంగా ఉడుకుతోంది. చదువుకున్న కుర్రాళ్లు పల్లెల దారి పడుతున్నారు. అనిల్ సద్‌గోపాల్ అలా వెళ్లినవారే. అమెరికాలోని కాల్‌టెక్‌లో పీహెచ్‌డీ చేసి, ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లో శాస్త్రవేత్తగా ఉన్న మనిషి, ఆ ఉద్యోగం వదిలి హోషంగాబాద్ జిల్లాలో ‘కిశోర్ భారతి’ అనే సంస్థ పెట్టారు. విద్యార్థిగా ఉండగా ఆయన ఉపన్యాసం విన్న గుప్తాకు ఆ మాటలు మనసులో ఉండిపోయాయి. టెల్కోలో కొన్నాళ్లు పనిచేశాక సెలవు పెట్టి నేరుగా అక్కడికే వెళ్లారు.

అక్కడ నడుస్తున్నది మామూలు ప్రయోగం కాదు. 1972లో కిశోర్ భారతి, రసూలియాలోని ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ కలిసి 16 మాధ్యమిక పాఠశాలల్లో మొదలుపెట్టిన హోషంగాబాద్ సైన్సు బోధన కార్యక్రమం అది. ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా పిల్లలు సైన్సును చదివి వల్లెవేయరు, చేసి చూస్తారు. పుస్తకం నిండా ప్రశ్నలే, జవాబులు పిల్లలే రాబట్టుకోవాలి. పరీక్షలో పుస్తకం తెరిచి చూసుకోవచ్చు. ఆలోచించకపోతే తెరిచిన పుస్తకం మాత్రం ఏం ఒరగబెడుతుంది! ఢిల్లీ విశ్వవిద్యాలయం నుంచీ టాటా ఇన్‌స్టిట్యూట్ నుంచీ శాస్త్రవేత్తలు ఈ పల్లె బడులకు వచ్చి, ఆ బడి మాస్టర్లతో కలిసి పాఠాలు రాశారు. టీచర్లు నెలనెలా ఒకచోట కూర్చుని ఏ ప్రయోగం కుదిరింది, ఏది బెడిసికొట్టిందని మాట్లాడుకునేవారు. 1978 వచ్చేసరికి కార్యక్రమం జిల్లా అంతటికీ పాకింది. గుప్తా వెళ్లింది సరిగ్గా ఆ ఏడాదే.

పదహారు బడులకైతే గాజు సామాను పట్నం నుంచి తెప్పించవచ్చు. జిల్లా మొత్తానికి అంటే ఆ లెక్క తేలదు. అక్కడి పిల్లలు పువ్వును కోసి భాగాలు చూడటానికి స్టీలు సూదుల కోసం ఆగలేదు, తుమ్మముల్లు విరిచి వాడుకున్నారు. పదును తగ్గితే చెట్టు మీద ఇంకోటి ఉంటుంది. సంతలో ప్రతి వస్తువునూ కొని చూడాలన్న ఆలోచన ఇలాంటి గాలి పీల్చినవాడికే తట్టేది. చేతిలో ఉన్న దానితో మొదలుపెట్టు అన్న సూత్రం అప్పట్లో చాలామంది నోట ఉన్నదే. గుప్తా దాన్ని డబ్బు పెట్టి, సంచి పట్టుకుని అమలుచేశారు.

ఇక ఆ రెండు పుల్లల దగ్గరికొద్దాం. మందు గీకేసిన అగ్గిపుల్లలు రెండు, మధ్యలో రబ్బరు ముక్క. కాస్త వంచితే లఘు కోణం, ఇంకాస్త తెరిస్తే లంబ కోణం, ఇంకా తెరిస్తే గురు కోణం, పూర్తిగా చాపితే సరళ కోణం. బోర్డు మీద గీసిన కోణం కదలదు. దీన్ని పిల్లాడే తెరిచి మూస్తుంటే, కోణమంటే గీతల పొడవుతో సంబంధం లేని సంగతని మాస్టారు చెప్పకుండానే తెలుస్తుంది. పొడుగు గీతలు గీస్తే కోణం పెద్దదవుతుందనుకునే పిల్లలు ఏ తరగతిలోనైనా నలుగురైదుగురు ఉంటారు. పాఠం చెప్పినవాళ్లందరికీ ఇది అనుభవమే.

పుల్లలు కలుపుతూ పోతే త్రిభుజం, చతురస్రం, పంచభుజి, షడ్భుజి. ఇక్కడే అసలు రుచి. షడ్భుజిని చేతిలో పెట్టుకుంటే నిలవదు, అమీబాలా రూపం మార్చుకుంటూనే ఉంటుంది. లాగితే దీర్ఘచతురస్రం, నొక్కితే సమాంతర చతుర్భుజం. పంచభుజిని ఒకలా నొక్కితే ఇల్లు, ఇంకోలా లాగితే పడవ. బుద్ధిగా కనిపించే చతురస్రాన్ని మూల పట్టుకుని నెడితే రాంబస్ అయిపోతుంది. త్రిభుజాన్ని ఇచ్చి నొక్కమనండి. లాగమనండి. ఏమీ కాదు. పుల్ల విరగాలి తప్ప రూపం మారదు.

రైలు వంతెన మీద ఇనుప కమ్మీలన్నీ త్రిభుజాలుగానే ఎందుకుంటాయన్న ప్రశ్న దీని వెంటే వస్తుంది. చతురస్రాలతో కట్టిన వంతెన మీదికి రైలెక్కితే వంతెన నాట్యమాడుతుంది. ఇంజినీరింగ్ గడప తొక్కని మన వడ్రంగులకు ఇది ఎప్పటి నుంచో తెలుసు. పెంకుటింటి కప్పుకు దూలం, దానిపైన ఏటవాలుగా వాసాలు. ఊరి వడ్రంగి ఎవరూ చతురస్రాన్ని ఏటవాలుగా నిలబెట్టి దాని మీద పెంకు పరవడు. పిల్లాడు తన చేతిలోని అగ్గిపుల్లల త్రిభుజం నుంచి తలెత్తి ఇంటి కప్పును చూస్తే చాలు, సగం పాఠం అయిపోయినట్టే.

రబ్బరు ముక్క నడుముకు తుమ్మముల్లుతో చిల్లు పొడిచి మూడో పుల్ల దూరిస్తే మూడు పుల్లల కీలు. త్రిభుజం మూడు మూలల్లోనూ అలా దూర్చి పైన కలిపితే చతుర్ముఖి, ఆరు పుల్లలు, నాలుగు మూలలు. నేల నుంచి లేచి నిలబడిన మొదటి ఘనాకృతి అది. ముక్కలో ముక్క గుచ్చి నాలుగు పుల్లల కీలు, ఐదు, ఆరు పుల్లల కీళ్లు కూడా చేసుకోవచ్చు. ఇగ్లూ కట్టొచ్చు. చతుర్ముఖిలో నాలుగు గోళీలు ఒకదానికొకటి ఆనేలా పెడితే మీథేన్ అణువులో నాలుగు హైడ్రోజన్లు ఎలా సర్దుకుంటాయో కనిపిస్తుంది. పైతరగతుల రసాయనశాస్త్రంలో బొమ్మ చూసినా బుర్రకెక్కని విషయమది.

గుప్తా పుస్తకంలో ఉందో లేదో గానీ, తొమ్మిది, పది తరగతుల లెక్కల టీచర్లు దీన్ని ఇంకొంచెం ముందుకు తీసుకుపోవచ్చని నాకనిపిస్తుంది. విద్యుదయస్కాంత సమీకరణాలు రాసిన జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ 1864లో కమ్మీల చట్రాల గట్టిదనానికి ఒక లెక్క ఇచ్చారు. మూలల సంఖ్యను మూడుతో హెచ్చవేసి ఆరు తీసేస్తే, ఆ చట్రం కదలకుండా నిలబడటానికి కనీసం ఎన్ని కమ్మీలు కావాలో వస్తుంది. చతుర్ముఖికి నాలుగు మూలలు: పన్నెండులోంచి ఆరు పోతే ఆరు. ఉన్నవీ ఆరే. గట్టిగా నిలుస్తుంది. ఘనానికి ఎనిమిది మూలలు: ఇరవై నాలుగులోంచి ఆరు పోతే పద్దెనిమిది. ఘనానికి ఉన్న అంచులు పన్నెండే. ఆరు తక్కువ. అందుకే అగ్గిపుల్లల ఘనం చేసిన ప్రతి పిల్లాడూ అది కూలబడిపోతోందని మాస్టారి దగ్గరికి తెస్తాడు. ఆ ఆరు పుల్లలు ఎక్కడ పెట్టాలో అడగండి. ఘనానికి ముఖాలెన్ని? ఆరు. ముఖానికొక కర్ణం. కర్ణం అంచు కన్నా పొడుగు కాబట్టి అగ్గిపుల్ల సరిపోదు, చీపురుపుల్ల కొలిచి కోసుకోవాలి. ఎంత పొడుగు కోయాలంటే పైథాగరస్ వచ్చి కూర్చుంటాడు. ఒక అగ్గిపెట్టెతో ఇంత దూరం పోవచ్చు.

లారీలు చేయడం కన్నా ఇది ఎంతో బాగుందని గుప్తాకు అప్పుడే అనిపించిందట. 2010 ఇంక్ సదస్సు ప్రసంగంలో ఆయనే చెప్పారు. సెలవు ముగిసి పుణె వెళ్లినా మనసు ఫ్యాక్టరీలో నిలవలేదు, ఉద్యోగం వదిలేశారు.

అయితే ఒక మనిషి చేతిలో పుట్టిన వస్తువు వేల తరగతి గదులకు ఎలా చేరింది? ఈ భాగాన్ని అందరూ యూట్యూబ్‌తో మొదలుపెడతారు. నాకు మాత్రం ఇది పోస్టుకార్డుతో మొదలవుతుంది. హోషంగాబాద్ కార్యక్రమంలో ‘సవాలీరామ్’ అనే పాత్ర ఒకటి ఉండేది. అలాంటి మనిషెవరూ లేరు. పిల్లలు తమ సందేహాలు రాసి సవాలీరామ్‌కు ఉత్తరం వేసేవారు, కార్యక్రమంలోని శాస్త్రవేత్తలూ టీచర్లూ ఆ పేరుతో జవాబులు రాసేవారు. ఇవాళ మండలం వాట్సాప్ గ్రూపులో రాత్రి పదకొండు గంటలకు ఎవరో ఒక సందేహం పెడితే పక్క ఊరి మాస్టారు జవాబిస్తున్నాడు చూడండి, దానికీ దీనికీ వేగంలోనే తేడా.

గుప్తా మొదటి పుస్తకం అగ్గిపుల్లల నమూనాల మీదే, ‘మ్యాచ్‌స్టిక్ మోడల్స్ అండ్ అదర్ సైన్స్ ఎక్స్‌పెరిమెంట్స్’. పన్నెండు భారతీయ భాషల్లోకి వెళ్లింది, ఐదు లక్షలకు పైగా ప్రతులు అమ్ముడయ్యాయి. మన దేశంలో ప్రయోగాల పుస్తకానికి ఇంత గిరాకీ ఎప్పుడో గానీ ఉండదు. పేజీకి నాలుగైదు గీతల బొమ్మలు, బొమ్మ కింద రెండు వాక్యాలు. భాష రాకపోయినా బొమ్మలు చూసి చేసేయొచ్చు. తర్వాత నేషనల్ బుక్ ట్రస్ట్ ‘టెన్ లిటిల్ ఫింగర్స్’ వేసింది. దూరదర్శన్‌లో 125 చిన్న చిత్రాలు చేశారు. అహ్మదాబాద్ ఎన్‌ఐడీలో డిజైన్ పాఠాలు చెప్పిన సుదర్శన్ ఖన్నా అప్పటికే దేశమంతా తిరిగి పల్లె పిల్లలు చేసుకునే ఆటవస్తువులను పోగుచేసి పుస్తకంగా తెచ్చారు. గుప్తా బొమ్మల మూలాలు కొన్ని ఆ జానపద ఆటల్లోనే ఉన్నాయి. మన తాటికాయల బండి, తాటాకు గిరగిర, బొప్పాయి కాడ బూర ఆ కుటుంబంలోనివే.

2003 నుంచి 2014 దాకా ఆయన పుణెలోని ఐయూకాలో, అంటే జయంత్ నార్లికర్ స్థాపించిన ఖగోళ పరిశోధన కేంద్రంలో, పిల్లల సైన్సు కేంద్రం నడిపారు. పేరు ముక్తాంగణ్ విజ్ఞాన్ శోధిక. గెలాక్సీల మీద పరిశోధించే చోట చెత్తబుట్టలోంచి ఏరిన డబ్బాలతో బొమ్మలు చేయడం! అశోక్ రుప్నేర్, విదుల మ్హైస్కర్, మనీష్ జైన్ అక్కడ ఆయనతో కలిసి పనిచేశారు. యూట్యూబ్‌లో మనం చూసే ఆ చిన్న చిత్రాలు అక్కడ తయారైనవే. నిమిషం, రెండు నిమిషాల నిడివి. కెమెరా ఎక్కువగా చేతుల మీదే ఉంటుంది. కోయడం, గుచ్చడం, తిప్పడం, ఆడటం. అయిపోయింది. ‘లైక్ చేయండి, గంట నొక్కండి’ లాంటి ముచ్చట్లు ఉండవు. తెలుగుతో సహా చాలా భాషల్లో వ్యాఖ్యానం పెట్టారు. ఆయన పేరుతోనే ఉన్న వెబ్‌సైటులో బొమ్మల ఫొటోలూ, వేల పుస్తకాలూ ఎవరైనా ఉచితంగా దింపుకోవచ్చు. 2018లో పద్మశ్రీ వచ్చింది.

ఆ చిత్రాల్లో ఒక్కటి దగ్గర నుంచి చూద్దాం, మోటారు. టార్చిలైటు సెల్లు ఒకటి. దాని రెండు కొనలకూ రెండు పిన్నీసులు ఆనించి, పాత సైకిల్ ట్యూబు నుంచి కోసిన రబ్బరు బ్యాండుతో బిగిస్తారు. సెల్లు మీద చిన్న అయస్కాంతం బిళ్ల. మోటారు వైండింగ్ షాపులో దొరికే ఎనామిల్ పూత ఉన్న రాగి తీగను పది చుట్లు చుట్టి, రెండు కొనలు అటూ ఇటూ ఇరుసులా వదులుతారు. ఆ కొనలు పిన్నీసుల బెజ్జాల్లో కూర్చుంటాయి. వేలితో చిన్నగా తడితే చుట్ట గిర్రున తిరుగుతుంది.

కిటుకంతా ఎనామిల్ గీకడంలో ఉంది. ఒక కొనకు పూత చుట్టూ గీకాలి. రెండో కొనకు సగమే గీకాలి, సగం వదిలేయాలి. ఇది పట్టించుకోకుండా రెండూ పూర్తిగా గీకినవాడి చుట్ట అటూ ఇటూ ఊగి ఆగిపోతుంది. ఎందుకంటే కరెంటు అదే పనిగా పారుతుంటే, అర చుట్టు తిరిగాక అయస్కాంతం చుట్టను వెనక్కి లాగుతుంది. సగం పూత ఉంటే సరిగ్గా ఆ అర చుట్టులో కరెంటు తెగిపోతుంది, చుట్ట తన ఊపుతో మిగతా సగం తిరిగేస్తుంది, మళ్లీ గీకిన వైపు తగలగానే ఇంకో తోపు. పదో తరగతి విద్యుదయస్కాంతత్వం పాఠంలో కమ్యుటేటర్ అనే రెండు అర్ధవలయాల బొమ్మ ఉంటుంది. పిల్లలు దాన్ని రంగు పెన్సిళ్లతో చక్కగా దించుతారు, భాగాలు రాస్తారు, మార్కులూ వస్తాయి. అది ఎందుకక్కడ ఉందో అడిగితే మాత్రం నోరు విప్పరు. తిరగని మోటారును చేతిలో పెట్టుకుని, ఎందుకు తిరగట్లేదురా దేవుడా అని అరగంట కొట్టుకున్నవాడికి కమ్యుటేటర్ గురించి ఇంకెవరూ చెప్పనక్కర్లేదు. అందుకే టీచరు ఈ వీడియో చూపించే ముందు, ఎన్ని మోటార్లు తిరగకుండా ఆగిపోతాయో చూసి ముచ్చటపడేంత ఓపిక తెచ్చుకోవాలి.

ఫాలో అవ్వదగ్గ టీచర్లు ఇంకా చాలామంది ఉన్నారు. సల్మాన్ ఖాన్, మన సినిమా ఖాన్ కాదు, 2004లో దూరంగా ఉన్న బంధువుల అమ్మాయి నాదియాకు ఫోన్లోనూ కంప్యూటర్లోనూ లెక్కలు చెప్పడంతో మొదలుపెట్టారు. బంధువుల పిల్లలు పెరిగేసరికి 2006లో ఆ పాఠాలు యూట్యూబ్‌లో పెట్టారు. ఖాన్ అకాడమీ అలా పుట్టింది. మహారాష్ట్రలోని షోలాపూర్ జిల్లా పరితేవాడిలో జిల్లా పరిషత్ బడి టీచరు రంజిత్‌సింహ్ దిసాలే పాఠ్యపుస్తకాల మీద క్యూఆర్ కోడ్‌లు అంటించి పాటలూ పాఠాలూ ఫోన్లోకి తెచ్చారు. 2020లో పది లక్షల డాలర్ల గ్లోబల్ టీచర్ ప్రైజ్ వస్తే, సగం తనతో పాటు తుది పోటీకి వచ్చిన తొమ్మిదిమందికీ పంచేశారు. గొప్పవాళ్లే ఇద్దరూ. అయితే ఖాన్ వీడియో టీచరు పక్కన లేకపోయినా పనిచేసేలా తయారైంది. అది దాని బలం. టీచరు కోణం నుంచి చూస్తే అదే దాని లోటు కూడా. తరగతిలో ఆ వీడియో పెడితే మాస్టారి పని ప్రొజెక్టర్ ఆన్ చేయడం దాకానే. గుప్తా వీడియో దానంతటది సగమే. మిగతా సగం ఎవరో ఒకరు కత్తెర పట్టుకోవాలి.

ఇక రింగు లైటు వెనక నుంచి అరచేతిలో వైకుంఠం చూపించే వాళ్లకు లెక్క లేదు. వాళ్ల రీళ్లలో గోడలకు రంగులు, పిల్లలకు కొత్త యూనిఫాంలు, వెనకాల సంగీతం ఉంటాయి. చూసిన టీచరుకు కాసేపు హుషారు, తర్వాత తన బడి గోడల్ని చూసి దిగులు. ఆ దిగులుకు విరుగుడు గుప్తా ఛానెల్లో ఉందనే నేను నమ్ముతున్నాను. ఎందుకంటే ఆయన వీడియోలో కనిపించే వస్తువు ఏదీ మన బడికి మించినది కాదు.

హోషంగాబాద్ కార్యక్రమం కథ సుఖాంతం కాదు. 1982లో ఏర్పడిన ‘ఏకలవ్య’ సంస్థ చేతికి వచ్చి, 15 జిల్లాల్లో వెయ్యికి పైగా బడులకు విస్తరించాక, 2002లో రాష్ట్ర ప్రభుత్వం దాన్ని ఆపేసింది. మూడు దశాబ్దాలు టీచర్లూ శాస్త్రవేత్తలూ కట్టుకున్న పని ఒక ఉత్తర్వుతో పోయింది. ఏకలవ్య పుస్తకాలు, పత్రికలు మిగిలాయి. గుప్తా బొమ్మలూ మిగిలాయి, ఎందుకంటే వాటికి ఏ శాఖ అనుమతీ అక్కర్లేదు. బడిలో సైన్సు పీరియడ్ ఉండి, ఒక మాస్టారికి మనసుంటే చాలు. ప్రభుత్వ కార్యక్రమాలకు ఆయువు ఎంతో తెలిసిన మన టీచర్లకు ఈ తేడా విడమరిచి చెప్పాల్సిన పనిలేదు.

తెలుగు నేలకు ఈ కథ అదే కాలంలో వేరే దారిలో చేరింది. 1987లో దేశమంతా తిరిగిన భారత జన విజ్ఞాన జాతా తర్వాత ఏడాది ఆంధ్రప్రదేశ్‌లో జన విజ్ఞాన వేదిక ఏర్పడింది. వేదికలో పనిచేసినవాళ్లలో బడిపంతుళ్లు ఎక్కువ. బడి పిల్లల కోసం ‘చెకుముకి’ పత్రిక వచ్చింది, చెకుముకి పోటీలు వచ్చాయి. చవక వస్తువులతో సైన్సు చేసి చూపడం, మహిమల పేరుతో చేసే గారడీల గుట్టు విప్పడం ఆ తరం మాస్టర్లకు అలవాటైన పని. తర్వాత ఐఐటీ మద్రాస్ ప్రొఫెసర్ వి. శ్రీనివాస చక్రవర్తి ఎన్నో పిల్లల సైన్సు పుస్తకాలను తెలుగులోకి తెచ్చారు. వాటిలో చాలావాటిని గుప్తా వెబ్‌సైటులోనే చదువుకోవచ్చు. తెలుగు మీడియం పిల్లల కోసం ఉచితంగా దొరికే సైన్సు పుస్తకాల గుట్ట అలా ఒక మరాఠీ నగరంలో పేరుకుంది.

ఆచరణలో చిక్కులున్నాయి, దాచడమెందుకు. యాభైమంది ఉన్న తరగతిలో అందరికీ బ్లేడు ఇవ్వలేం. సిలబస్ ఎక్కడిదక్కడే ఉంటుంది, ఫార్మేటివ్ పరీక్షల మార్కులు ఆన్‌లైన్‌లో ఎక్కించే తేదీ దగ్గరపడుతుంది. బొమ్మ చేసి ఆడాక దానిలోంచి పాఠంలోకి తీసుకురావడం చేతకాకపోతే ఆ పీరియడ్ ఆటల పీరియడ్ అవుతుంది. గుప్తా వీడియోలు ఆ చివరి అడుగు నేర్పవు. రెండు నిమిషాల్లో బొమ్మ తయారవుతుంది, ప్రశ్న మాత్రం టీచరే అడగాలి. స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో నాకు ముచ్చటేసిన పద్ధతి ఒకటుంది. నలుగురు టీచర్లు కూర్చుని ఒకే బొమ్మ చేసి, దీని మీద ఏడో తరగతిలో ఏం అడగాలి, పదిలో ఏం అడగాలి అని రాసుకోవడం. బొమ్మ అదే, ప్రశ్న మారుతుంది. అలా రాసుకున్న కాగితం ఫొటో తీసి గ్రూపులో పెడితే అది వందమందికి పనికొస్తుంది.

ఇంకో చిక్కు సామానుది. గుప్తా తొలినాళ్ల ప్రసిద్ధ బొమ్మల్లో కెమెరా ఫిల్ము డబ్బీలతో చేసే పంపు ఒకటి. ఫిల్ములూ పోయాయి, డబ్బీలూ పోయాయి. ప్లాస్టిక్ స్ట్రా కొన నొక్కి, బాణంలా కోసి ఊదితే సన్నాయిలా మోగుతుంది, ఊదుతూ కత్తెరతో కొస కోస్తూ పోతే స్వరం పైకి పోతుంటుంది. ధ్వని పాఠానికి అంతకన్నా మంచి ప్రయోగం లేదు. 2022 జులైలో ప్లాస్టిక్ స్ట్రాలు నిషేధించారు. వాల్‌ట్యూబు పాత సైకిళ్ల షాపుల్లో ఇంకా దొరుకుతోంది గానీ, కొత్త సైకిళ్లలో చాలావాటికి కారు టైరుకున్నట్టే పిన్ను వాల్ ఉంటుంది. సర్కారు బడి ఆడపిల్లలకిచ్చిన సైకిళ్లు తుప్పుపట్టేలోపు వాల్‌ట్యూబు కూడా అరుదైపోవచ్చు. సెలైన్ సీసాల డ్రిప్‌సెట్లలో, ఎల్‌ఈడీ దండల్లో, పాడైన చార్జర్లలో, ఇంజెక్షన్ సిరంజిల్లో ఇప్పుడు ఎన్ని కీళ్లు, ఎన్ని పంపులు, ఎన్ని మోటార్లు దాగున్నాయో వెతకాల్సింది ఇప్పటి టీచర్లే. స్ట్రా సంగతికి మాత్రం జవాబు పెరట్లోనే ఉంది. లేత బొప్పాయి ఆకు కాడ కోసుకొచ్చి, ఆకు వైపు కొన మూసి ఉండగానే దాని పక్కన నిలువుగా ఒక గాటు పెట్టి ఊదమనండి. మోగకపోతే గాటు ఇంకాస్త పొడుగు చేయాలి.